పక్కగది నెట్‌వర్క్ కిందికి రాదు

ఉపాధ్యాయుడు ఒంటరిగా పాఠం చెప్పుకునే చీకటి యుగం ముగిసిందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఇకపై ప్రతి టీచరూ ఫోన్‌లోని వృత్తి వికాస గ్రూపులో చేరాలి, తోటి టీచర్ల దగ్గర నేర్చుకోవాలి, నేర్చుకున్నట్టు అందరికీ కనిపించాలి. (మొదటి రెండూ వీలుకాకపోతే మూడోది చాలు.)

మా వీధి చివరి బడిలో మూడో తరగతి టీచరు నిబంధనలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆవిడకో నిజమైన కష్టం వచ్చిపడింది. యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసెయ్యమంటే చివరి బెంచీ పాప ఇరవై ఆరు అంటోంది. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచే రెండు తీసేస్తోంది. (ఎక్కువ ఉన్నవాళ్ల దగ్గరే తీసుకోవాలన్న పాప న్యాయంలో తప్పేముందో లెక్కల పుస్తకం చెప్పదు.) బోర్డు దగ్గర అందరూ నవ్వినప్పట్నుంచీ లెక్కల పీరియడ్ వచ్చేసరికి పాపకి కడుపునొప్పి. అది చూస్తే టీచరుకి జాలి, తనమీద తనకే కోపం.

గ్రూపులో అడిగింది. సాయంత్రానికి చప్పట్ల బొమ్మలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. ఎంత లోతైన ప్రశ్న అన్నారొకరు. ఇంకొకరు సూర్యోదయం పంపారు. మరొకాయన ఆ ప్రశ్నకే పువ్వుల అంచు వేసి, అడుగున తన పేరు రాసుకుని, పదిమందికీ పంచమని ఆవిడకే పంపారు. తీసివేత గురించి మాత్రం ఎవరూ నోరు మెదపలేదు.

గోడ అవతల రెండో తరగతి టీచరమ్మ పుల్లల కట్టలు ముందేసుకుని ఇలాంటి లెక్కలే చెబుతున్న గొంతు రోజూ వినిపిస్తూనే ఉంది. వెళ్లి అడగొచ్చు కదా అంటారేమో, మీకు నిబంధనలు తెలియవు. ఒకే కప్పు కింద ఇద్దరు టీచర్లు మాట్లాడుకుంటే అవి కబుర్లు. కనీసం ఓ ఊరు దాటితేనే వృత్తి వికాసం. పక్కగది నెట్‌వర్క్ కిందికి రాదు.

ఓ రోజు పాప లెక్కల పీరియడ్‌కి ముందే బ్యాగు సర్దేసుకుని, ఇంటికి పోతానని ఏడుపు మొహంతో నిలబడింది. టీచరు ఇక ఆగలేకపోయింది. ఫోను సొరుగులో పెట్టి (దాని కంట పడకూడదు కదా) పాప చెయ్యి పట్టుకుని పక్కగదికి నడిచింది. టీచరమ్మ పదేసి పుల్లల కట్టలు ఐదు, విడిపుల్లలు రెండు పాప ముందు పెట్టింది.

"ముప్పై ఎనిమిది నాకివ్వాలి. విడివి రెండే ఉన్నాయి. ఏం చేద్దాం చెప్పమ్మా?"

పాప చాలాసేపు చూసి, ఓ కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేసింది. ఇచ్చేవి ఇచ్చాక పద్నాలుగు మిగిలాయి. బడి వదిలేవేళకి ఇంకో లెక్క ఇమ్మని వెంటపడింది. టీచరుకి కళ్లు చెమర్చాయి. ఆ సంతోషంలో సమస్య తీరిందని గ్రూపులో రాసేసింది.

చప్పట్లు ఆగిపోయాయి. మర్నాడు గ్రూపు చర్చల నిర్వహణాధికారి స్వయంగా ఫోన్ చేశారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధే ఉంది.

"అమ్మా, ఈమధ్య గ్రూపులో బాగా నడుస్తున్న ప్రశ్న మీదొక్కటే. పైవాళ్లు కూడా చూస్తున్నారు. ఇంత తొందరపడితే ఎలాగమ్మా?"

"పాపకి వచ్చేసింది సార్," అంది టీచరు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఆయనా ఒకప్పుడు టీచరే, సర్దుకుపోవడం తెలిసిన మనిషి.

"సర్లెండి, అయిందేదో అయింది. లెక్కలు రాని పిల్లలు ఇంకెవరైనా ఉన్నారా?"