దసరా స్టాఫ్ స్పెషల్

దసరా నాడు అన్ని రూట్లలోనూ బస్సులు నడుస్తాయని మా పక్కింటి సారక్క చెప్పింది. ఆమెకు డ్రైవర్ కిషన్ భార్య చెప్పిందట. ఆ భార్యకు మాత్రం కిషన్ ఏమీ చెప్పలేదట. అతను అన్నం ముందు నుంచి లేచిపోతే, లీవు క్యాన్సిల్ అయిందని తనే అర్థం చేసుకుందట.

మర్నాడు ప్రయాణికుల సేవా కమిటీ చైర్మన్ రఘుపతి గారు ప్రెస్‌మీట్ పెట్టి ఆ సంగతి ధ్రువపరిచారు. "పండుగపూట ప్రజలు బస్సు కోసం చూసుడు బంద్. ఇగ బస్సులే ప్రజల కోసం చూస్తయి" అన్నారు. మా గోదావరిఖని చప్పట్లు కొట్టింది.

అందరికన్నా గట్టిగా కొట్టింది సారక్క. తల్లి రాగి బిందె ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగి, బెల్లంపల్లిలో ఉండే తమ్ముడు పోశం ఏళ్లుగా ఆమెతో మాట్లాడటం లేదు. ఈసారి అతనే ఫోన్ చేశాడు. దసరాకు వచ్చి చేతిలో జమ్మి ఆకు పెడితే పాతదంతా మాఫీ, పొద్దుగూకేలోగా రాకపోతే ఇక తనకు అక్క లేదనుకుంటానన్నాడు.

పండుగ నాడు పొద్దున్నే ఆమెను బస్సెక్కిద్దామని నేనూ బస్టాండుకు వెళ్లాను.

చైర్మన్ గారు ఒకప్పుడు బొగ్గుబాయిలో మస్టర్ వేసినవారు, అంటే హాజరు రాసినవారు. షిఫ్టులో అందరికీ మస్టర్ పడనిదే ఒక్కరినీ బాయి దిగనివ్వని మనిషి. ఆ క్రమశిక్షణనే డిపోకు తెచ్చారు. సిబ్బంది అందరి హాజరూ పడ్డాకే మొదటి బస్సు కదలాలి. చిక్కల్లా ఒకటే. సిబ్బందిలో సగం మంది కమాన్‌పూర్, సెంటినరీ కాలనీ, మంచిర్యాలల వాళ్లు. రోజూ డ్యూటీకి వచ్చేది ఆ మొదటి బస్సులోనే.

చైర్మన్ గారు చిటికెలో దారి చూపారు. వచ్చిన డ్రైవర్లకు తలా ఒక బస్సు ఇచ్చి, రాని వాళ్లను తెమ్మని పంపారు. ప్రతి బస్సుకూ 'స్టాఫ్ స్పెషల్' బోర్డు. వచ్చినవాళ్లు దిగి మస్టర్‌కు నిలబడేసరికి, తెచ్చినవాళ్లు ఇంకొందరి కోసం వెళ్లి గైరుహాజరు. వాళ్లను తేవడానికి మరికొన్ని బస్సులు.

ఒకటి బెల్లంపల్లి దారిలోనే, మంచిర్యాల దిక్కు పోతుంటే సారక్క ఎక్కబోయింది. కండక్టర్ సంతోషి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు స్టాఫా అక్కా?"

"ఖాళీగనే పోతున్నది గద బిడ్డా."

"ఖాళీగనే పోవాలెనట. నేను సుత ఏడ్సే పిల్లను ఇంట్ల ఇడిసిపెట్టి అచ్చిన, గిందుకే."

మధ్యాహ్నానికి ఎలాగో అందరికీ మస్టర్ పడింది. సరిగ్గా అప్పుడే షిఫ్టు అయిపోయింది. షిఫ్టు దాటాక పని చేయించడం కార్మిక ద్రోహమంటూ చైర్మన్ గారు కళ్లు తుడుచుకున్నారు. బస్సులన్నీ వాళ్లను ఇళ్ల దగ్గర దించి, రెండో షిఫ్టు వాళ్లను తేవడానికి కదిలాయి.

పొద్దుగూకింది. సారక్క బెంచీ మీద నుంచి లేవలేదు.

చైర్మన్ గారు విలేకరులను వెంటబెట్టుకొని వచ్చారు. రోజంతా ఒక్క బస్సూ డిపోలో ఊరికే నిలబడలేదనీ, ఇలాంటి పండుగ సర్వీసు మరెక్కడా లేదనీ చెప్పారు. ఇంత కష్టపడిన సిబ్బందికి రేపు సెలవన్నారు. ప్రజాభిప్రాయం కోసం చుట్టూ చూస్తే, నేను కాక ఉన్న ప్రజ సారక్క ఒక్కతే. మైకు ఆమె ముందు పెట్టారు.

"చెప్పు అక్కా, వచ్చే దసరాకు ఇంకేం చెయ్యమంటవు?"

సారక్క ఫోన్ కలిపి ఆయన చేతిలో పెట్టింది.

"మా తమ్ముడు హలో అంటున్నడు. నేను రాకనా, నువ్వు రానియ్యకనా, నువ్వే చెప్పు."