పెద్దాయన పునరాగమనం

విశ్రాంత యుద్ధవిమాన అభిమాన సంఘం వార్షిక సమావేశం ఈ ఏడాది కూడా నిర్విఘ్నంగా జరిగింది. నాలుగు రోడ్ల కూడలిలో సిమెంటు దిమ్మ మీద నిలబెట్టిన పాత యుద్ధవిమానాన్నీ, షెడ్లలో దుమ్ము కొట్టుకుపోతున్న దాని సోదరులనూ మళ్ళీ ఆకాశంలోకి పంపాలని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు. విమానం అభిప్రాయం తీసుకునే వీలు లేకపోయింది. దాని ముక్కులో కాకులు కాపురం పెట్టి చాలాకాలమైంది. రెక్క నీడలో ట్రాఫిక్ కానిస్టేబులు తలదాచుకుంటాడు. ప్రజలకు ఇంతకంటే ఉపయోగపడుతున్న యుద్ధవిమానం ఈమధ్యకాలంలో మరొకటి లేదని చెప్పడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

సంఘం అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఆయన ఆ రకం దేన్నీ విమానం అనడు, పెద్దాయన అంటాడు. పెద్దాయన వేగం, బరువు, ఎక్కగల ఎత్తు ఆయనకు కంఠోపాఠం. తుక్కు వేలంలో పెద్దాయన సీటొకటి కొనుక్కొచ్చి, ఇంటి ముందుగదిలోని క్లినిక్‌లో పేషెంట్ల కుర్చీగా బిగించుకున్నాడు. వచ్చినవాళ్ళను అందులో పడుకోబెట్టి, నోట్లో అద్దం పెట్టి, పెద్దాయనకు జరిగిన అన్యాయాన్ని వివరిస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క పేషెంటు కూడా ఆయన మాట కాదనలేదు. నోరు తెరుచుకుని పడుకున్నవాడు కాదనడం ఎలాగన్న సందేహం డాక్టరుకు రాలేదు. దేశం యావత్తూ తన పక్షానే ఉందని మనస్ఫూర్తిగా నమ్మాడు.

కార్యదర్శికి బట్టల కొట్టుంది. నిచ్చెనెక్కితే కళ్ళు తిరుగుతాయి గనక పై అరలోని తానులు పనివాళ్ళ చేతే దింపిస్తాడు. పెద్దాయన్ని ఇంటికి పంపడానికి కారణం తరచూ కూలిపోవడమేనట కదా అని కొత్త సభ్యుడొకడు అమాయకంగా అడిగితే, ఆయనే లేచి సమాధానం చెప్పాడు. "విమానం పాతబడలేదండీ. పైలట్లే మరీ కొత్తవాళ్ళు." హాలంతా చప్పట్లు. కొత్త సభ్యుడు సిగ్గుపడి కూర్చున్నాడు.

డాక్టరు ఒక్కగానొక్క కూతురు వైమానిక దళంలో పైలట్. సంఘం మొత్తంలో సొంత మనిషి ఆకాశంలో ఉన్నది ఆయనకొక్కడికే. అధ్యక్ష పదవి ఆయన్ని వరించింది అందుకే. అయితే పిల్ల నడిపేది కొత్త రకం విమానం. నలుగురిలో ఆ మాట వచ్చినప్పుడు ఆయనకు కాస్త తలవంపులుగా ఉండేది.

ఇలా ఉండగా, దేశానికి రావలసిన కొత్త విమానాలు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడం కంటే ప్రజల కోరికను మన్నించడమే మంత్రిగారికి తేలికనిపించింది. పాతవాటిని తిరిగి విధుల్లోకి తీసుకుంటున్నట్టు ఆయన సగర్వంగా ప్రకటించారు. విడిభాగాలు ఎక్కడా దొరకవని ఇంజినీర్లు విన్నవించుకుంటే, ఊరూరా దిమ్మల మీద ఉన్నవాటిని దింపి విప్పుకోమని ఆదేశించారు. కూడలిలోకి క్రేన్ వచ్చింది. కాకుల గూటిని అధికార లాంఛనాలతో తొలగించారు. కానిస్టేబులు ఎండలో నిలబడి సెల్యూట్ చేశాడు.

డాక్టరు క్లినిక్‌లో అందరికీ మిఠాయిలు పంచాడు. పళ్ళ డాక్టరు మిఠాయిలు పంచడం వృత్తిధర్మమేనని ఎవరో మెచ్చుకున్నారు. ఆ సందడిలోనే కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, నీ పెద్దాయన్ని నాకే ఇచ్చారు. వచ్చేవారం నుంచి నేనే నడపాలి."

డాక్టరు మిఠాయి పెట్టెకు మూత పెట్టేశాడు. పక్కనే ఉన్న భార్య సంగతి కనుక్కుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ విమానాల గురించి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "ఏవండీ, అది పడిపోతుందా?"

డాక్టరు దాని వేగం చెప్పాడు.

"నేనడిగింది అది కాదు."

ఎక్కగల ఎత్తు చెప్పాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయనకు జీవితంలో మొదటిసారి భయమేసింది. ఆ సాయంత్రం ఇద్దరు పేషెంట్లను రేపు రమ్మని పంపేశాడు.

కూతురు సెలవు మీద వచ్చిన రోజే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. పుచ్చుపన్ను ఉన్న పైలట్‌ను ఎగరనివ్వరు, ఎత్తుకు వెళ్ళేకొద్దీ నొప్పి ప్రాణం తీస్తుంది. ఆ నిబంధన మీద ఆశ పెట్టుకుని ఆయన ఒక్కో పన్నూ వెతికాడు. ఒక్కటీ పుచ్చలేదు. పాలపళ్ళ నాటి నుంచీ ఆ పళ్ళను కంటికి రెప్పలా కాపాడిన ఘనుడు ఆయనే.

"వెనక దంతం కాస్త అనుమానంగా ఉందమ్మా. ఓ ఆర్నెల్లు ఎగరకూడదని రాసిస్తా."

ఆమె తండ్రి చేతిని మెల్లగా పక్కకు తీసింది. "నా బదులు ఇంకొకళ్ళు ఎక్కుతారు నాన్నా. వాళ్ళ నాన్న పళ్ళ డాక్టరు కాకపోవచ్చు." ఆ మాటలో కోపం లేదు. అదే ఆయనకు ఎక్కువ బాధనిపించింది.

పునఃప్రవేశ మహోత్సవం పెద్దాయనకు కొత్త మకాం అయిన, ఊరి శివారు వైమానిక స్థావరం మైదానంలో జరిగింది. మంత్రిగారు గంటసేపు ప్రసంగించి, ఇనుముకు తుప్పు పట్టవచ్చు గాని దేశభక్తికి పట్టదని సెలవిచ్చారు. కార్యదర్శి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అధ్యక్షుడు మాట్లాడాలి. డాక్టరు మైకు ముందు నిలబడి, పైలట్ల వరుసలో ఉన్న కూతురి వైపు చూశాడు.

"ఈ విమానం వద్దు. ఇది కూలిపోతుంది. మనకి ఆ సంగతి ముందునుంచీ తెలుసు. దయచేసి ఆపండి."

ఇంతమంది నోళ్ళు మూసుకుని ఆయన మాట వినడం అదే మొదలు. అందుకేనేమో, వెంటనే ఖండించారు. కార్యదర్శి మైకు లాక్కుని, సొంత బిడ్డ ఎక్కుతుందని తెలిసి మాట మార్చిన స్వార్థపరుడని ఆయన్ని అభివర్ణించాడు. దేశం కంటే కూతురే ఎక్కువైందా అని జనం అరిచారు. అవును, ఎక్కువే అని ఆయన అన్నాడు గాని, అప్పటికే ఇంజిన్లు మొదలయ్యాయి. ఎవరికీ వినపడలేదు.

ఆయన్ని అదే రోజు పదవి నుంచి తొలగించారు. ఇప్పుడు పెద్దాయన లేచిన చప్పుడు వినిపిస్తే చాలు, డాక్టరు మేడెక్కి, అది తిరిగి దిగేదాకా అక్కడే నిలబడుతున్నాడు. భార్య కూడా వచ్చి పక్కన నిలబడుతుంది.

ఇలాంటి అపశ్రుతులు మళ్ళీ దొర్లకుండా సంఘం తన నియమావళిని సవరించుకుంది. నిష్పక్షపాతాన్ని కాపాడే నిమిత్తం, ఇంట్లో ఆ విమానం ఎక్కే మనిషి ఒక్కరూ లేనివారే ఇకమీదట సభ్యత్వానికి అర్హులు. ఈ సవరణ తర్వాత సంఘం ఊహించనంతగా పెరిగింది. ఇంతవరకూ చదివినవారిలో చాలామందికి ఆ అర్హత పుష్కలంగా ఉన్నట్టు సంఘం గుర్తించింది. విడిగా దరఖాస్తు అక్కర్లేదు. చప్పట్లు కొడితే చాలు.