నాచు కంపులో నా కాపురం

ఇల్లన్నాక కంపు కొట్టాలి. కంపు కొట్టని ఇల్లు ఒక ఇల్లేనా!

తమాషాకి అనడం లేదు. ఇక్కడ టాస్మేనియా దక్షిణ తీరంలో, మా ఊళ్లో, సముద్రపు నాచు కంపు కొట్టే ఇల్లు మాదొక్కటే. దానివల్ల నాకు జరిగిన మేలు ఇంతా అంతా కాదు.

మా ఆవిడ మెరిన్ పెరట్లోని పాత ఆపిల్ షెడ్డులో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతుంది. పోయిన ఏడాది ఏదో అక్కడొకటి, ఇక్కడొకటి మొలిచాయి. అవీ పీలగానే. హోబర్ట్ నగరంలోని హోటల్ వాళ్లు మేం పంపిన పుట్టగొడుగుల పెట్టెను తిప్పి పంపేశారు. మెరిన్ దాన్ని ఒళ్లో పెట్టుకుని షెడ్డు గుమ్మంలో చాలాసేపు కూర్చుంది. ఇక మూసేస్తానంది.

పక్కింటి కోర్బిన్ సముద్రంలో మునిగి నత్తలు ఏరుకొచ్చే మనిషి. పుట్టగొడుగులు పెరిగే గడ్డిలో కాస్త నాచు పొడి కలిపి చూడమని అతనే చెప్పాడు. మెరిన్ ఆ సాయంత్రమే ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు తెచ్చి, ఎండబెట్టి, దంచి కలిపింది. ఆ ఉప్పుకి పుట్టగొడుగుల విత్తనం మొత్తం చచ్చింది. ఇంకొకరైతే అక్కడితో మానేసేవారు. మా ఆవిడ మానలేదు. ఈసారి నాచును వాననీళ్లలో నానబెట్టి, ఉప్పు పోయేదాకా కడగాలని పట్టుబట్టింది.

అంత నాచు దేంట్లో నానబెడతారు? మా స్నానాల తొట్టిలో!

మరి నా స్నానం? పెరట్లో, బకెట్టుతో, జూలై చలిలో. మాకు జూలై అంటే నడి శీతాకాలం. ఆరోగ్యానికి ఇంతకంటే మంచిది ఉందా? పళ్లు టకటకా కొట్టుకుంటుంటే దవడలకు వ్యాయామం కూడాను.

మా అక్క వెర్నా ఏటా శీతాకాలంలో వచ్చి పదిహేను రోజులు మా ఇంట్లో దిగబడుతుంది. ఈసారి వచ్చీ రాగానే స్నానాల గది తలుపు తీసింది. మా నాచు మనిషంత పొడవు, గోధుమరంగు, జారుడు. అక్క వెనక్కి నడిచి వచ్చి మెల్లిగా అడిగింది: “ఒరేయ్ ఆల్డెన్, తొట్టిలో పడుకున్నది ఎవర్రా?”

భోజనం వేళకే బస్సెక్కేసింది. నాచు చేసిన మేలు కాదూ ఇది?

ఇక పుట్టగొడుగులంటారా, విరగబడి వచ్చాయి. గుత్తులు గుత్తులుగా, అరచేయంత రేకులు. తిప్పి పంపిన హోటల్ వాళ్లే ఫోన్ చేశారు. మెరిన్ మళ్లీ కూనిరాగాలు తీస్తోంది. ఆ మాట మాత్రం నిజంగా సంతోషంతోనే రాస్తున్నాను.

పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి, “ఎలా ఉన్నారర్రా? రాత్రి చలేసిందా?” అని వాటిని పలకరిస్తుంది. వాటికి తుంపర నీళ్లు, వాటికి గాలి, వాటికి బలానికి నాచు. నాకూ ఒక పలకరింపు ఉంది. “షెడ్డు తలుపేశావా?”

పోయిన ఆదివారం తనే అంది, “బీచ్‌కి వెళ్దామా, మనిద్దరమే?” నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. అప్పట్లో నేను పెళ్లి మాట ఎత్తింది ఆ ఇసుకలోనే మరి. తీరా వెళ్తే, ముందురోజు తుఫానుకి ఒడ్డు నిండా నాచు. మెరిన్ కారు డిక్కీలోంచి గోనెసంచులు తీసింది.

చీకటి పడేలోగా సంచులు నింపాం. నేను ఉండబట్టలేక అడిగాను, “మెరిన్, ఎప్పుడైనా ఊరికే నడవడానికి రాకూడదా మనం?”

“వచ్చాంగా. నడుస్తూనే ఉన్నాంగా,” అంది నవ్వుతూ. “ఈ సంచికి ఆ కొస పట్టుకో.”

పట్టుకున్నాను. ఆ కొస తను, ఈ కొస నేను. ఈ మధ్య మేమింత దగ్గరగా నడిచింది లేదు!

కాబట్టి పాఠకులారా, నాచు మహిమను శంకించకండి. చిటికెడు వేస్తే వాడిపోయిన పుట్టగొడుగు కూడా తలెత్తుకుంటుంది. మొగుడికి ఏం వేస్తే అలా తలెత్తుకుంటాడో మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి.

నాకు కాదు, మా ఆవిడకి.