నాలుగు గంటలు తక్కువ

ఆ రోజు కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం క్లినిక్‌కు వెళ్ళి నాలుగు గంటలు రోగుల్ని చూసుకోవాలి, గంటల పుస్తకంలో డాక్టరుగారి సంతకం పెట్టించుకోవాలి, గడువు ముగిసే సాయంత్రం ఐదులోపు ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు, అంటే డాక్టరు పక్కన ఉండి రోగుల్ని చూసే చదువుకు, దరఖాస్తు ఇచ్చేయాలి. ఆ కోర్సులో సీటు కావాలంటే వెయ్యి గంటలు రోగుల మధ్య పనిచేసి ఉండాలి. రెండేళ్ళుగా కట్లు కట్టి, బీపీలు చూసి ఆమె కూడబెట్టినవి తొమ్మిది వందల తొంభై ఆరు. పైగా పాత సైన్సు మార్కులకు ఐదేళ్ళే విలువ. ఈసారి తప్పితే కెమిస్ట్రీ మళ్ళీ మొదటి నుంచి చదవాలి.

తీరా వెళ్ళి చూస్తే క్లినిక్ ముందు వీధంతా పైపుల కోసం తవ్వేసి ఉంది. గొయ్యి మీద ఒక్క చెక్క వేశారు. దాని మీద నడిచి వచ్చేంత అవసరం ఆ పూట ఏ రోగికీ కలగలేదు. డాక్టరుగారికి ఒక పట్టింపు ఉంది. రోగి ఎదురుగా ఉంటేనే గంట కింద రాస్తారు, అదీ గోడ గడియారం చూసి. తొమ్మిది దాకా ఒక్కరూ రాలేదు. కోడలు మందుల గదిలోకి వెళ్ళి మొగుడికి ఫోన్ చేసి ఏడ్చేసింది.

మొగుడు బస్సు డిపోలో మెకానిక్. ఏది ఆగిపోయినా తను చెయ్యి పెడితే కదులుతుందని గట్టి నమ్మకం. "రోగులే కదా కావాల్సింది? నేను చూసుకుంటాలే," అని పెట్టేశాడు. సెలవు చెప్పి ఇంటికొచ్చి, తన తల్లినీ, మేనమామనీ, చెల్లెల్నీ, బావనీ, దూరపు చుట్టమైన ఎదురింటి టీచరమ్మనీ వరసగా కూర్చోబెట్టాడు. పెళ్ళాం చదువుకునే పుస్తకం తీసి, కాగితం గుర్తు పెట్టి ఉన్న పేజీ చదివి అందరికీ బట్టీ వేయించాడు. ఒక్కొక్కరికి ఒక్కో జబ్బు వెతికే ఓపిక అతనికెక్కడిది?

పది గంటలకు మేనమామ చెక్క దాటి వచ్చాడు. ఆయన్ని చూడగానే కోడలికి మొగుడి పథకం అర్థమైపోయింది. అప్పుడే వెనక్కి పంపాల్సింది. పంపలేదు. గోడ గడియారం వైపు చూసింది, చీటీ రాసి లోపలికి పంపింది. జ్వరం, తలనొప్పి, మెడ పట్టేసింది, వెలుతురు చూడలేకపోతున్నానని మేనమామ గడగడా అప్పజెప్పాడు. వచ్చేముందు రెండు గ్లాసుల వేడి టీ తాగి వచ్చాడేమో, థర్మామీటరు కూడా ఆయన పక్షమే వహించింది.

తర్వాత చెల్లెలు వచ్చింది. అవే నాలుగు, అదే వరసలో. మూడోవాడిగా బావ వచ్చేసరికి డాక్టరుగారు కలం కింద పెట్టేశారు. నాలుగో మనిషిగా అత్తగారు వచ్చేసరికి ఆయన మాస్కు కట్టుకున్నారు. టీచరమ్మ పద్యం చెప్పినట్టు మొత్తం అప్పజెప్పి, "మెడ" దగ్గర తడబడి మళ్ళీ మొదలుపెట్టింది. ఆవిడ పూర్తి చేయకముందే ఆయన షట్టరు దించి ఆరోగ్య శాఖకు ఫోన్ చేశారు. మొగుడు ఎంచిన పేజీ మెదడు పొరలు వాచే అంటుజ్వరానిది. ఒకే పూట ఐదుగురికి ఆ లక్షణాలుంటే ఊరంతటికీ ముప్పు.

ఆ తర్వాత కోడలికి ఊపిరాడని పని. ఐదుగురికీ నాడి, బీపీ, తడిగుడ్డలు. ఒకరి ముఖం ఒకరు చూసుకునే ధైర్యం ఎవరికీ లేదు. రెండయ్యేసరికి డాక్టరుగారు తనంతట తనే పుస్తకం తెప్పించుకుని, వెయ్యి అని రాసి సంతకం పెట్టారు.

"నువ్వు ముందుజాగ్రత్త మాత్ర వేసుకుని వెళ్ళిపో తల్లీ. దరఖాస్తు ఇచ్చుకో. వీళ్ళకి అంబులెన్సు వస్తోంది. పెద్దాసుపత్రిలో నడుము దగ్గర సూది గుచ్చి, వెన్నులోంచి నీరు తీస్తారు."

సంతకం చేతికొచ్చింది. నోరు మూసుకుని నడిచి వెళ్ళిపోతే చాలు. కానీ అత్తగారు సూది పేరెత్తితేనే కళ్ళు తిరిగే మనిషి. ఆవిడ అప్పటికే పాలిపోయి బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉంది. కోడలు దుప్పటి సర్దే వంకతో వంగితే అత్తగారు చెవిలో అంది: "వెళ్ళవే. ఒక్క సూదే కదా. నువ్వు మళ్ళీ కెమిస్ట్రీ చదవడం నేను చూడలేను."

అంతే, కోడలికి దుఃఖం ఆగలేదు. డాక్టరుగారి ముందుకు వెళ్ళి నిలబడింది.

"వీళ్ళు మా వాళ్ళేనండీ. ఎవరికీ ఏ జబ్బూ లేదు. గంటల కోసం వచ్చారు."

ఆయన మాస్కు విప్పి ఐదుగురినీ ఒక్కొక్కరిగా చూశారు. మేనమామ ఆ చూపు భరించలేక రెండు గ్లాసుల టీ సంగతి ఒప్పుకున్నాడు. డాక్టరుగారు పుస్తకం లాక్కుని వెయ్యి కొట్టేశారు. తొమ్మిది వందల తొంభై ఆరు అని రాశారు. ఇవి మాత్రం ప్రతి గంటా నిజమని కింద ఒక వాక్యం చేర్చి, మళ్ళీ సంతకం పెట్టారు. తర్వాత ఆరోగ్య శాఖకు ఫోన్ చేస్తే, సూది అక్కర్లేదు గానీ కేసు నమోదైపోయింది కాబట్టి ఐదుగురూ పెద్దాసుపత్రిలో ఒక రోజు పరిశీలనలో ఉండాల్సిందేనన్నారు.

ఐదుకి పది నిమిషాలుందనగా కోడలు కాలేజీలో దరఖాస్తులు తీసుకునే కౌంటరు చేరింది. నాలుగు గంటలు తగ్గాయని తనే ముందు చెప్పేసింది. గుమాస్తా ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"కోర్సు మొదలయ్యే నాటికి వెయ్యి అయితే చాలమ్మా. ఇంకా ఐదు నెలలుంది. రెండో పేజీ చదవలేదా?"

చదవలేదు. నిబంధనలు ప్రింటు తీసి ఇచ్చింది మొగుడు. ఒక్క పేజీయే తీశాడు. గుమాస్తా దరఖాస్తు మీద ముద్ర కొట్టి, నిబంధనలన్నీ ఉన్న కాగితాలు చేతిలో పెట్టింది. కోడలు అక్కడే బెంచీ మీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఇంతలో వార్డు నుంచి అత్తగారి ఫోన్ వచ్చింది. రక్తం రెండుసార్లు తీశారట, అయినా కళ్ళు తిరగలేదట. "ఎలాగూ రేపటిదాకా ఇక్కడే ఉంటాం కదే. నువ్వే వచ్చి మమ్మల్ని చూసుకో, ఆ నాలుగూ ఇక్కడే పూర్తయిపోతాయి," అంది.

కోడలు అప్పటికి మూడో పేజీలో ఉంది. బంధువులకు చేసిన సేవ గంటల్లో చేరదని అందులో రాసి ఉంది.