మూగ తోక

యానాంలో ఫ్రెంచి క్రియాపదం తప్పు చదివితే ఇంట్లో ఒకరి గొంతు పోతుంది. ఇందులో వింతేమీ లేదు, ఏటా జరిగేదే. పలకకూడని అక్షరాన్ని ఎవరైనా పలికితే ఆ అదనపు శబ్దాన్ని ఎక్కడో ఒకచోట సర్దాలి కదా! క్రియాపదాల కార్యాలయం దాన్ని ఆ ఇంటి రేషను కార్డులో ఉన్న పేర్లలోంచే సర్దుతుంది. పోయినేడు పక్కింటాయన ఒక్క ముక్క ఎక్కువ పలికితే అత్తగారి గొంతు పోయింది. కావాలనే పలికాడని గిట్టనివాళ్లు అంటారు.

గిడ్డి నూకరాజు అలాంటివాడు కాడు పాపం. కార్డులో ఉన్నవే రెండు పేర్లు, తనదీ పెళ్లాం మంగాయమ్మదీ. ఆవిడ నెత్తిన తట్ట పెట్టుకుని "బొమ్మిడాయిలమ్మా!" అని ఒక్క కేక వేస్తే మూడు వీధుల తలుపులు తెరుచుకునేవి. ఆ కేకంటే అతనికి ప్రాణం.

ఏటా ఇంటి యజమాని కార్యాలయానికి వెళ్లి ఒక క్రియ చదివి రావాలి. ఈ ఏటి క్రియని ముందే నోటీసు బోర్డులో పెట్టారు. 'వారు చేపట్టుదురేమో' అని అర్థమట. ఎవరు, ఏం చేపడతారో మాత్రం రాయలేదు. ఫ్రాన్సు సర్కారు పింఛను తీసుకునే ముసలాయన ఇంట్లో చేపలమ్ముతూ చెవులతో నేర్చుకున్న ఫ్రెంచి మంగాయమ్మది. చేపని కోసినట్టు మాటని కోసి నెల్లాళ్లు మొగుడి చేత వల్లె వేయించింది.

"ఆం... త్ర... ప్రాం... ద్రే. అక్కడితో నోరు మూసెయ్యి మావా. తోకలో అచ్చరాలు మూగవి, పలికేవంటే నా గొంతు పోద్ది."

కార్యాలయంలో నూకరాజు నాలుగు ముక్కలూ చక్కగా పలికాడు. కాగితం మీద ఇంకా అక్షరాలు మిగిలి ఉన్నాయి. తెలుగు బడిలో అయిదు దాకా చదివినవాడు. రాసి ఉన్నది మింగేస్తే మాస్టారు తొడపాశం పెట్టేవారు. నోరు ఊరుకోలేదు.

"యెంట్," అన్నాడు.

"ఒకటి ఎక్కువ," అంటూ ఆఫీసరు కార్డులో చివరి పేరు కింద గీత గీశాడు.

"తప్పు నాదండి బాబూ! నా గొంతు తీసుకోండి!"

"మూగబోయేది మాట చివర కదండీ. మొదటి పేరు కుదరదు. మీ పేరు హెచ్‌తో మొదలైతే ఏదో చూసేవాళ్లం, ఫ్రెంచిలో ఆ అక్షరం మొదట్లోనే మూగది."

"అయితే మా ఆవిడ పేరు కొట్టేసినట్టేనాండీ?"

"అయ్యో, అదేం మాటండీ! రాతలో ఆవిడ ఉండాల్సిందే. చివర ఆ మూగ అక్షరాలు లేకపోతే బహువచనం పోదూ? పలకడమే ఉండదు."

నూకరాజు పరుగున ఇంటికొచ్చేసరికి మంగాయమ్మ వీధిలో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మొగుణ్ణి చూసి తట్ట దింపి, అతని వీపు మీద రెండు మొత్తి, కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు కూడా వినిపించలేదు. వీధి ప్రశాంతంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

నెల తిరక్కుండా సభ పెట్టారు. వచ్చే ఏటికి ఇంకా పొడుగు క్రియ ఉండాలని తీర్మానం. కార్డుల్లో చివరి పేర్లున్న డెబ్భై మంది ఆడవాళ్లు హాజరు పుస్తకంలో వేలిముద్రలు వేసి కూర్చున్నారు.

"అభ్యంతరాలుంటే చెప్పండి," అన్నాడు ఆఫీసరు.

డెబ్భై నోళ్లూ తెరుచుకున్నాయి. మంగాయమ్మ మెడ నరాలు ఉబ్బేలా అరిచింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నూకరాజు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. కార్డులో ఇక గొంతున్న పేరు తనదొక్కటేనని గుర్తొచ్చి కూర్చున్నాడు.

ఆఫీసరు కలం తీశాడు. "ఏ... క... గ్రీ... వం," అని ఏ అక్షరమూ మింగకుండా పైకి పలుకుతూ రాసుకున్నాడు.