మంట చల్లబడిన వైనం

విమానం ఇంజను వెనక నుంచి వెలువడే వేడిని శత్రువు పసిగట్టకుండా దాచే కవచం, పరీక్షలో నూటికి నూరుపాళ్ళు విజయం సాధించిందని తెలియజేయడానికి ప్రయోగశాల మిక్కిలి సంతోషిస్తున్నది. పరీక్ష జరిగినంతసేపూ వేడిని చూసే కెమెరా తెర మీద చీకటి తప్ప మరేమీ కనబడలేదు.

కెమెరా కంటికి మూత తీయలేదన్న చిన్న సంగతి కొలతలావిడ ఒక్కతే గమనించింది. ఇరవై ఏళ్ళుగా పరికరాలు సరిచూడటమే పని కావడంతో ఆమెకు ఆ పేరు స్థిరపడింది. తప్పు ఎవరిదీ కాదు. పరీక్షకు ముందు పరికరాన్ని తనిఖీ చేసి లక్కముద్ర వేయాలని నిబంధన. ముద్ర మూత మీద పడింది. దాన్ని పగలగొట్టాలంటే ఉపసంఘం కూర్చోవాలి, ఉపసంఘం కూర్చోవాలంటే ముద్ర వేసినాయన సెలవు నుంచి తిరిగి రావాలి.

ఇంజను గర్జించింది. వెనకాల గడ్డి మాడింది. మరీ దగ్గరకు వెళ్ళిన డైరెక్టరుగారి కనుబొమలూ మాడాయి. అవి సొంత ఆస్తి కనుక నివేదికకెక్కలేదు. ఆయన చెమట తుడుచుకుంటూ, "ఇంత చల్లని మంట ప్రపంచంలో మరెవరికైనా ఉందా?" అని గద్గద స్వరంతో ప్రసంగించారు. చప్పట్లు మిన్నుముట్టాయి.

ఆ కవచంతో, వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణుల మధ్యకు మొదట ఎగరబోయేది కొలతలావిడ తమ్ముడే. ఉండబట్టలేక డైరెక్టరుగారి గదికి వెళ్ళింది.

"మూత తీయలేదండీ."

"ముద్ర చెక్కు చెదరలేదు కదా?"

"లేదండీ."

"మరింకేమమ్మా! పెద్దలు ఏడుగురు సంతకాలు చేశారు. మీదొక్కటే మిగిలింది. అడుగునున్న సంతకం ఎవరు చూస్తారు చెప్పండి?"

ఆమె పదోన్నతి కాగితం బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని ఊరికే కాస్త అటు జరిపి, కాస్త ఇటు జరిపారు.

ఆవిడ మంచి మనిషి, మనలాంటిదే. కలం రెండుసార్లు తెరిచి మూసింది. మూడోసారి బాగా చిన్న అక్షరాలతో సంతకం చేసి, తన అసమ్మతిని ఆ విధంగా గట్టిగా చాటుకుంది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నివేదిక చూశాను. ఆ ఏడుగురూ సరేనన్నా నాకు నమ్మకం కుదర్లేదు. విమానం ఎక్కనని చెప్పేద్దామనుకున్నా. ఇంతలో అడుగున నీ సంతకం కనబడింది. ఇంకేం భయం? పొద్దున్నే బయల్దేరుతున్నా."

"జాగ్రత్తరా" అంది. నివేదిక రహస్య పత్రం కనుక, ఫోన్లో అంతకంటే ఎక్కువ మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం.