కళాయి పొగలో దొరికిన ఉగ్రవాదం

ఉగ్రవాదానికి మూలకారణాలు వెతకడానికి ప్రపంచంలో ఇన్ని సదస్సులెందుకండీ? అమలాపురంలో మా వీధి వాట్సాప్ గ్రూపు ఆ పనిని భోజనానికీ సాయంత్రం కాఫీకీ మధ్యలో పూర్తి చేసేసింది!

మేధావులేమంటారు? పేదరికమంటారు, నిరుద్యోగమంటారు, అన్యాయమంటారు. విరుగుడుగా బడులు కట్టాలట, ఉద్యోగాలివ్వాలట, న్యాయం చేయాలట. అవన్నీ ఎప్పటికయ్యేను? మా పద్ధతిలో అంత శ్రమ లేదు. గడ్డం చూడాలి, ఫార్వర్డ్ నొక్కాలి. డేటా కూడా పెద్దగా ఖర్చు కాదు.

ఎక్కడో బాంబు పేలిందని టీవీలో చూసిన మర్నాడు, మా ఎదురింటి భూలక్ష్మిగారి ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడానికి కాశిం సాయిబు వచ్చాడు. ఏళ్ల తరబడి ఆవిడ గిన్నెలకు ఆయనదే కళాయి. నిప్పులు రాజేసి, గిన్నె కాల్చి, తెల్లపొడి చల్లి తగరం పూశాడు. గుప్పున పొగ లేచింది. అది ఎప్పుడూ లేచేదే. కానీ మా గ్రూపు అడ్మిన్, రిటైర్డ్ హెడ్మాస్టరు సోమేశ్వరరావుగారు ఈసారి ఆ పొగను మేడ మీంచి దేశభక్తితో చూశారు.

"ఆ పొడి మామూలు పొడి కాదండోయ్! అందరూ జాగ్రత్తండి" అని సాయిబు ఫోటోతో సహా పెట్టేశారు.

ఇక చూడండి! ఒకాయన సంచిలో టైమరు చూశానన్నాడు. అది సాయిబు పాత చేతిగడియారం. కబురు రాజోలు చేరేసరికి మనుషులు ముగ్గురయ్యారు. సఖినేటిపల్లి రేవు దాటేసరికి తుపాకులొచ్చాయి. ఇంత చురుకైన నిఘా సంస్థ ఏ దేశానికుంది?

పోలీసులొచ్చి సాయిబును సంచితో, గిన్నెలతో సహా తీసుకెళ్లి, చీకటిపడేదాకా కూర్చోబెట్టి, ఆ పొడి కళాయి సరుకేనని తేల్చుకుని వదిలేశారు. సోమేశ్వరరావుగారు బాధపడ్డారు. పాపం, పోలీసులు మెతకబడిపోయారని!

మర్నాడు పొద్దున్నే సాయిబు మిగిలిన గిన్నెలకు ఇంటి దగ్గరే కళాయి వేసి తెచ్చి భూలక్ష్మిగారి గుమ్మంలో పెట్టాడు.

"అయ్యో సాయిబుగారూ, మనోరేనని నే చెప్పేనండి, ఒక్కరూ వింటేగా! కాఫీ తాగి వెళ్దురుగాని, రండి" అందావిడ.

"వద్దండి అమ్మగారూ. ఇంక ఈ వీధికి రానండి. నా ఫోటో అందరి ఫోన్లలోనూ ఉందంటండి. ఎవరేం చేస్తారోనని మా కోడలు నన్ను గుమ్మం దాటనివ్వట్లేదండి. మీ గిన్నెలున్నాయని చెప్పి వచ్చేనండి."

ఆయన తల వంచుకుని వెళ్తుంటే నాకు సిగ్గేసింది. ఒళ్లు మండింది కూడా.

అయినా గ్రూపును తప్పుపట్టను. ఉగ్రవాదమంటే ఏమిటి? ఏ పాపమూ ఎరగని మనిషి వీధిలోకి రావడానికి భయపడేలా చేయడమేగా? అలాంటి ముఠా మా వీధిలో ఉందని వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం! సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ నా దగ్గరున్నాయి. నాయకుడు మేడ మీదే ఉంటాడు. పోలీసువారు అడగడమే ఆలస్యం.

అడగరనుకోండి. ముఠాకీ ఆ ధీమా ఉంది. ఇవాళ కూడా అందరూ గులాబీ పువ్వు పెట్టి గుడ్ మార్నింగ్ చెప్పారు.